నవ్వు మాటున పాట: ఫ్యాట్స్ వాలర్

మాటకు ఒక అర్థం నిఘంటువు ఇస్తుంది; రెండవ అర్థం పలికేవాని గొంతు ఇస్తుంది. తెలుగువారికి ఈ సంగతి క్రొత్త కాదు. క్షేత్రయ్య పదాన్ని అభినయించే నర్తకి ఒకే పల్లవికి పది భావాలు పట్టినప్పుడు, పుస్తకంలో సాధువుగా కనిపించిన మాట సభలో కొంటెమాట అవుతుంది. కనుబొమ్మ ఒకటి పైకి లేచిన మాత్రాన నింద చనువుగా, చనువు పిలుపుగా మారుతుంది. అయితే కనుబొమ్మ కనిపించని చోట, మూడు నిమిషాలలో ముగిసిపోయే గ్రామఫోను రికార్డు మీద, గొంతు ఒక్కదానితోనే ఈ విద్యను సాధించినవాడు ఒకడు అమెరికాలో ఉండేవాడు. అతడే జాజ్ సంగీతకారుడు ఫ్యాట్స్ వాలర్. అతడు బ్రతికినది 39 సంవత్సరాలు మాత్రమే. ఆ స్వల్పకాలంలో అతడు లోకాన్ని ఎంతగా నవ్వించినాడో, ఆ నవ్వు అతనికి ఎంత ఖరీదైనదో తెలుసుకొనుటకు అతని జీవితమే తగిన వ్యాఖ్యానం.

థామస్ రైట్ వాలర్ 1904 మే 21న న్యూయార్కు నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులైన ఎడ్వర్డు, ఎడలైన్ దంపతులు వర్జీనియా ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కొరకు వలసవచ్చిన నల్లజాతివారు. తండ్రి పరమభక్తుడు, వీథులలో నిలబడి దైవబోధ చేసేవాడు. బాలుడు ఆరేళ్ళ ప్రాయంలోనే పియానో ముట్టుకొన్నాడు. కొంచెం పెద్దవాడైన పిమ్మట తండ్రి బోధలకు హార్మోనియం వాయించినాడు. పరమాత్ముని కీర్తనలే అతని మొదటి పాఠాలు. కుమారుడు మతబోధకుడు కావలెనని తండ్రి కోరిక. వినోదశాలల సంగీతం, అందులోనూ అప్పుడప్పుడే తలయెత్తుచుండిన జాజ్, ఆ తండ్రి దృష్టిలో సైతాను సంగీతం. కుమారుని చెవులు మాత్రం రెండు వైపులకూ తెరుచుకొని ఉండేవి.

బడి చదువు అతనిని ఎక్కువకాలం పట్టి ఉంచలేకపోయినది. ఆ కాలపు చలనచిత్రాలు మూగవి. తెరమీద కథ నడుస్తూ ఉంటే, ప్రక్కన వాద్యకారుడు సన్నివేశానికి తగిన సంగీతాన్ని అప్పటికప్పుడు కల్పించి వాయించవలెను. హార్లెంలోని లింకన్ థియేటరులో పదునైదేళ్ళ వాలర్ ఆర్గన్ వాద్యకారుడుగా చేరినాడు. తెరమీద ప్రణయం సాగుతూ ఉండగా ఆర్గన్ మీద ఒక వెక్కిరింపు స్వరం పలికిస్తే ప్రేక్షకులు ఎట్లా ఫక్కున నవ్వుతారో తెలుసుకొనుటకు అంతకంటె మంచి పాఠశాల లేదు. ఒకే దృశ్యానికి రెండు అర్థాలు కల్పించవచ్చునని అతడు గ్రహించినది అచ్చటనే కావచ్చును.

1920లో తల్లి మరణించినది. తల్లి చాటున పెరిగిన ఆ పదహారేళ్ళ బాలునికి అది పెద్ద దెబ్బ. ఇల్లు విడిచి రస్సెల్ బ్రూక్స్ అనే పియానో వాద్యకారుని ఇంట ఆశ్రయం పొందినాడు. ఆ పరిచయం మూలముగా హార్లెం పియానో విద్యకు ఆచార్యుడనదగిన జేమ్స్ పి. జాన్సన్ అతనికి గురువైనాడు. ఆయన నేర్పిన పద్ధతికి ‘స్ట్రైడ్’ అని పేరు. అనగా పెద్ద అంగలు వేసి నడచుట. ఎడమచేయి మంద్రస్థాయిలో ఒక స్వరాన్ని మీటి, రెప్పపాటులో మధ్యస్థాయికి దూకి స్వరసమూహాన్ని పలికించి, మరల మంద్రానికి దిగవలెను. ఆ అంగలలో లయ వెంట్రుకవాసి కూడ తప్పరాదు. కుడిచేయి మాత్రం యథేచ్ఛగా అల్లరి చేయవచ్చును. వాలర్ చేతులు సహజముగానే విశాలమైనవి. సాధన వానికి అసాధారణమైన వేగాన్ని, దానిని మించిన మార్దవాన్ని ఇచ్చినది. స్థూలకాయాన్ని బట్టి స్నేహితులు పెట్టిన ‘ఫ్యాట్స్’ అనే పేరు అతనికి జీవితాంతం నిలిచిపోయినది.

ఆనాటి హార్లెంలో ఇంటి అద్దెలు ఎక్కువ, కూలిడబ్బులు తక్కువ. అద్దె చెల్లించలేని కాపురస్థులు శనివారం రాత్రి తమ ఇంటనే వేడుక ఏర్పాటు చేసి, వచ్చినవారినుండి కొద్దిపాటి ప్రవేశరుసుము వసూలు చేసేవారు. ఆ ఇరుకు గదులలో పియానో వాయించేవాడే సభానాయకుడు. కేవలం వేళ్ళ నైపుణ్యం చాలదు. పాటకూ పాటకూ నడుమ పరిహాసమాడవలెను, పాటలోని మాటను మెలిపెట్టవలెను, పెద్దలు వింటే చిరునవ్వు, పిల్లలు వింటే అమాయకత్వం తోచేటట్లు పలుకవలెను. వాలర్ కంఠవిద్య ఈ అద్దె వేడుకలలో పదునెక్కినది. చాలకాలం తరువాత, 1937లో, ‘ది జాయింట్ ఈజ్ జంపిన్’ అనే పాటలో అట్టి వేడుక ఒకదానిని కేకలతో, కోలాహలంతో, పోలీసుల రాకతో సహా రికార్డు మీదికి ఎక్కించినాడు. అది నవ్వు పుట్టించే పాట. ఇంటి అద్దెకు డబ్బులేని మనుషుల పాట కూడ.

1922లో ఓకే కంపెనీ అతని పియానో వాదనను మొదటిసారి రికార్డు చేసినది. 1926లో విక్టర్ కంపెనీవారు న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ పట్టణానికి పిలిపించినారు. అచ్చట వారు ఒక పాత బాప్టిస్టు చర్చిని కొని రికార్డింగు శాలగా మార్చుకొన్నారు. అందులో గొట్టాల ఆర్గన్ ఒకటి ఉండెను. బోధకుని కుమారుడు ఆ చర్చిలో, ఆ ఆర్గన్ ముందు కూర్చుండి, స్తోత్రగీతాలకు మారుగా బ్లూస్ వాయించినాడు. నెమ్మదిగా మ్రోగుటకు అలవాటుపడిన ఆ మహావాద్యం చేత జాజ్ లయను పలికించుట అంతకుముందు ఎవరూ అంతగా సాధించని పని. తండ్రి చూపిన దారిని, తాను ఎంచుకొన్న దారిని వాలర్ ఒక్క గదిలో కలిపినాడు. పియానో తనకు భుక్తి అనీ, ఆర్గన్ తనకు ప్రాణమనీ అతడు జీవితమంతా భావించినాడు.

సంసార విషయంలో అతనికి ఇంత సమన్వయం కుదరలేదు. 1920లో ఎడిత్ హ్యాచ్‌ను వివాహమాడినాడు, 1923లో విడిపోయినారు. కోర్టు విధించిన భరణం చెల్లించుటలో అతడు సదా వెనుకబడేవాడు. ఆ కారణం చేతనే 1928లో జైలు కూడ చూచినాడు. 1926లో అనితా రూథర్‌ఫర్డ్ అతనికి రెండవ భార్య అయినది. తిండి, మద్యం, స్నేహితులు, రాత్రి విందులు, ఈ నాలుగింటిలో దేనికీ అతడు హద్దు ఎరుగడు. చేతికి వచ్చిన డబ్బు మరునాటికి నిలిచేది కాదు.

వాలర్ స్వరాలకు తగిన మాటలు కూర్చినవాడు ఆండీ రజాఫ్. అతని వంశకథ ఒక నవలవంటిది. తల్లి తండ్రి మడగాస్కర్ ద్వీపంలో అమెరికా రాయబార కార్యాలయానికి అధిపతిగా పనిచేసినవాడు. తండ్రి ఆ ద్వీపపు రాజవంశానికి చెందినవాడు. ఫ్రెంచి సేనలు మడగాస్కర్‌ను ఆక్రమించినప్పుడు గర్భవతియైన తల్లి అమెరికాకు తిరిగి వచ్చినది. 1895లో రజాఫ్ వాషింగ్టన్‌లో పుట్టినాడు. రాజరక్తం గల ఈ కవి న్యూయార్కులో పొట్టకూటికి పాటలు వ్రాసినాడు. పైకి ఒక అర్థం, లోన ఒక అర్థం గల మాటలు అల్లుటలో అతడు దిట్ట. ఇంటిపనుల పేరు చెప్పి, పండ్ల పేరు చెప్పి, తోటల పేరు చెప్పి ప్రణయాన్ని సూచించగల నేర్పరి.

1929వ సంవత్సరం వీరిద్దరికీ స్వర్ణవత్సరం. హార్లెంలో కానీస్ ఇన్ అనే వినోదశాల ఉండేది. అందులో ఆడేవారు, పాడేవారు నల్లవారు. డబ్బిచ్చి చూచుటకు వచ్చేవారు ప్రధానముగా తెల్లవారు. అచ్చటి ప్రదర్శన కొరకు వ్రాసిన ‘హనీసకిల్ రోజ్’ పాట పైకి పూవులను, తేనెను గూర్చినది. లోన చెలి సౌందర్యాన్ని గూర్చినది. తీపి అనే ఒక్క భావాన్ని పట్టుకొని శృంగారాన్ని ధ్వనింపజేసిన ఆ పాటలో అసభ్యమైన అక్షరం ఒక్కటి కూడ లేదు. అదే ఏడు ‘హాట్ చాక్లెట్స్’ అనే ప్రదర్శన కానీస్ ఇన్ నుండి బ్రాడ్వే రంగస్థలానికి చేరినది. అందులోని ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ పాట పేరుకు, తానేమీ తుంటరిపనులు చేయుటలేదని అర్థం. ప్రియురాలి కొరకు బుద్ధిగా ఇంటిపట్టున ఉన్నానని ఒకడు చెప్పుకొనే పాట అది. అంత బుద్ధిమంతుడైతే అంతగా చెప్పుకొనుట ఎందుకు అని శ్రోతకు సందేహం కలిగించుటలోనే దాని చమత్కారం ఉన్నది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ప్రదర్శనలో దానిని ఆలపించి న్యూయార్కు రసికులను ముగ్ధులను చేసినాడు.

అదే ప్రదర్శనలో అదే జంట కూర్చిన మరియొక పాట ‘బ్లాక్ అండ్ బ్లూ’. నల్లని మేనిచాయ కారణముగా నిరాదరణకు గురియైన ఒక స్త్రీ తన తప్పేమిటని అడుగుతుంది. రంగస్థలం మీద అది ఒక స్త్రీ గోడు. ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన పిమ్మట ఒక జాతి గోడు అయినది. ఒకే కలాలు, ఒకే కాలం, ఒకే రంగస్థలం; ఒక పాట కన్నుగీటుతుంది, ఇంకొక పాట కన్నీరు పెడుతుంది. వాలర్ పరిహాసాన్ని వట్టి పరిహాసముగా తీసుకొనేవారు ఈ పొరుగుదనాన్ని మరువరాదు.

ఇంతటి సంపదను అతడు ఏమి చేసుకొన్నాడు? డబ్బు అవసరం మీదపడగా ఆ సంవత్సరమే ఈ ప్రసిద్ధ గీతాలతోసహా సుమారు 20 పాటల హక్కులను 500 డాలర్లకు అమ్మివేసినాడు. అనగా పాటకు 25 డాలర్లు. ఆ పాటలు తరువాతి దశాబ్దాలలో లెక్కలేనంతమంది గాయకుల గొంతులలో తిరిగినవి. పంట పండించినవాడు ఒకడు, గాదె నింపుకొన్నవాడు మరియొకడు. నల్లజాతి రచయితలకు బేరమాడే బలం లేని ఆ కాలంలో అతనిది ఒంటరి కథ కాదు.

అప్పటివరకు లోకం అతని వేళ్ళనే ఎరుగును. 1931లో అతడు రికార్డు మీద గొంతు విప్పినాడు. తరువాత సిన్సినాటి నగరపు రేడియో కేంద్రం నుండి పాడి, పరిహాసమాడి దూరపు శ్రోతలను సంపాదించుకొన్నాడు. 1934లో విక్టర్ కంపెనీ అతనికి ఆరుగురు సభ్యుల చిన్న మేళాన్ని ఏర్పాటు చేసి ‘ఫ్యాట్స్ వాలర్ అండ్ హిజ్ రిథమ్’ అనే పేరుతో వరుసగా రికార్డులు వెలువరించినది. ఇచ్చటనే అతని విచిత్రమైన పరీక్ష మొదలైనది. కంపెనీవారు అతని చేతికి ఇచ్చిన పాటలలో పెక్కు ప్రచురణకర్తలు అంగడిసరుకుగా తయారుచేయించినవి. చంద్రుడు, వసంతం, విరహం, వాగ్దానం. ఎవరైనా ఎవరికొరకైనా పాడదగిన మాటలు. వానిని శ్రద్ధగా పాడితే తాను చిన్నబోవును. పాడకపోతే జీతం పోవును.

వాలర్ మూడవ మార్గం కనిపెట్టినాడు. పాటను పాడుతూనే పాటకు వ్యాఖ్యానం చెప్పినాడు. దొరల యాసను అతిగా అనుకరించి ఒక మాటను సాగదీస్తాడు. మరుక్షణం గొంతు మందరానికి దించి గుర్రుమంటాడు. ఆడుగొంతు పెట్టి తనకు తానే బదులు పలుకుతాడు. చరణాల సందులలో ఒక చిన్న ఆశ్చర్యం, ఒక నిట్టూర్పు, ఒక చిలిపి ప్రశ్న జారవిడుస్తాడు. 1936లో రికార్డు చేసిన ‘ఇట్స్ ఎ సిన్ టు టెల్ ఎ లై’ పాట ప్రేమలో అబద్ధమాడుట పాపమని ఉపదేశిస్తుంది. వాలర్ దానిని పాడుతూ ఉంటే, ఆ ఉపదేశం చేసేవాడు స్వయముగా ఎన్ని అబద్ధాలాడి ఉంటాడో అనిపిస్తుంది. 1939లో పాడిన ‘హోల్డ్ టైట్’ పాట పైకి చేపల వంటకాలమీది మోజును తెలుపుతుంది. ఆ ఆకలి కేవలం కడుపుకు సంబంధించినది కాదని ఆనాటి శ్రోతలందరూ గ్రహించినారు; అయినా మాటలను పట్టుకొని తప్పుపట్టుట కష్టం. అలంకారశాస్త్రంలో వ్యంగ్యార్థానికి వాచ్యార్థం ఎట్లా రక్షణ కల్పిస్తుందో చెప్పుటకు ఈ రికార్డులు మంచి ఉదాహరణలు.

ఈ విద్య వెనుక ఒక అవసరం కూడ ఉన్నది. ఆనాటి అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లవానికి రైలుపెట్టె వేరు, భోజనశాల వేరు, బడి వేరు. ఉత్తరాన చట్టం లేకున్నను ఆచారం అటువంటిదే. వేదికమీద తెల్లవారిని అలరించిన కళాకారుడు వారితో కలిసి కూర్చుండి భోజనం చేయలేని స్థలాలు కొల్లలు. నవ్వించే నల్లవానిని ఆ సమాజం ఆదరించినది. గంభీరముగా మాట్లాడే నల్లవానిని అనుమానించినది. వాలర్ ఆ సమాజం కోరిన విదూషకవేషం ధరించినాడు. గుండ్రని టోపీ పెట్టినాడు, కనుబొమ్మలు ఎగురవేసినాడు. కాని ఆ వేషంలోనుండి ఆ సమాజపు బోలు భావుకత్వాన్నే ఎగతాళి చేసినాడు. తమను చూచి తాము నవ్వుకొనుచున్నట్లు ఎరుగకనే జనం చప్పట్లు చరిచినారు. సంస్కృత నాటకాలలో రాజు ఎదుట నిజం చెప్పగల చనువు విదూషకునికే ఉండుట ఇచ్చట స్మరింపదగినది.

అల్లరి విడిచి అతడు పాడగలిగినప్పుడు కలిగే ఫలితానికి 1935 నాటి ‘ఐయామ్ గొన్నా సిట్ రైట్ డౌన్ అండ్ రైట్ మైసెల్ఫ్ ఎ లెటర్’ రికార్డు సాక్ష్యం. ప్రియురాలినుండి ఉత్తరం రానివాడు తనకు తానే ఉత్తరం వ్రాసుకొని ఆమె వ్రాసినట్లు నటించుకొంటాడు. మాటలలో హాస్యం ఉన్నది; వాలర్ కంఠంలో హాస్యం పలుచని తెరవలె నిలిచి, వెనుకనున్న ఒంటరితనాన్ని కనపడనిస్తుంది. పాట ఇతరులు వ్రాసినదే. అయినా ఆ రికార్డు తరువాత లోకం దానిని అతని పాటగానే గుర్తించినది.

1938లో అతడు బ్రిటనుకు, స్కాండినేవియా దేశాలకు వెళ్ళినాడు. అచ్చటి ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టినారు. లండనులో రికార్డింగు శాలలోని ఆర్గన్ ముందు కూర్చుండి, బానిసత్వపు రోజులలో నల్లజాతివారు పాడుకొన్న భక్తిగీతాలను వాయించినాడు. ఆ రికార్డులలో వెక్కిరింపు లేదు, కేక లేదు. వీథిలో బోధించే తండ్రి ప్రక్కన హార్మోనియం పట్టుకొన్న బాలుడు మరల కనిపించినాడు. 1939లో మరల లండను వెళ్ళి, ఆ నగరపు ఆరు పేటలను వర్ణించే ‘లండన్ సూట్’ అనే పియానో రచనను రికార్డు చేసినాడు. గంభీర స్వరకర్తగా తన్ను చూడుమని లోకాన్ని కోరిన రచన అది. అతడు జీవించి ఉండగా అది శ్రోతలకు అందనేలేదు. ఆ సంవత్సరమే వెలువడి ఇంటింటా మ్రోగినది పెద్ద పాదాల సుందరిని ఎగతాళి చేసే ‘యువర్ ఫీట్స్ టూ బిగ్’. లోకం అతనినుండి ఏమి కొనదలచినదో ఈ రెండింటి గతి చెబుతుంది.

1942 జనవరి 14న న్యూయార్కులోని కార్నెగీ హాలులో అతని కచేరీ జరిగినది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి పీఠమైన ఆ వేదికమీద కూర్చుండుట అతని చిరకాల స్వప్నం. అయితే ఆ రాత్రి స్వప్నం ఫలించలేదు. భయమో, మద్యమో, రెండునో అతని చేతులను బంధించినవి. విమర్శకులు పెదవి విరిచినారు. నవ్వించుమని అడిగినవారి ఎదుట ఎన్నడూ తడబడని మనిషి, నవ్వవలసిన పనిలేని సభ ఎదుట తడబడినాడు. ముసుగు దీర్ఘకాలం ధరించినవానికి ముసుగు లేని ముఖం క్రొత్త అవుతుంది. అతని జీవితంలో విషాదమనదగినది ఇదే.

1943లో అదృష్టం మరల తలుపు తట్టినది. నల్లజాతి కళాకారులతో నిర్మించిన ‘స్టార్మీ వెదర్’ చలనచిత్రంలో అతడు నటించి, పాడి, ఆ కనుబొమ్మల విద్యను తెరమీద శాశ్వతం చేసినాడు. అదే ఏడు జూన్ నెలలో ‘ఎర్లీ టు బెడ్’ అనే సంగీతనాటకం బ్రాడ్వేలో ప్రారంభమైనది. ఒక విలాసినీగృహాన్ని బాలికల విద్యాలయమని పొరబడుట దాని కథాబీజం. కథ అంతా ఒక పెద్ద శ్లేష. ప్రధానముగా తెల్లజాతి నటులు ఆడిన బ్రాడ్వే నాటకానికి నల్లజాతి స్వరకర్త పూర్తి సంగీతం కూర్చుట ఆనాటికి అపూర్వం. అద్దె వేడుకలలో పుట్టిన విద్య బ్రాడ్వే సింహద్వారంగుండా లోనికి నడిచినది.

కాని దేహం అలసిపోయినది. డిసెంబరు నెలలో హాలీవుడ్‌లో ప్రదర్శనలిస్తూ జబ్బుపడినాడు. ఇంటికి చేరుకొనవలెనని తూర్పుదిశగా పోయే రైలు ఎక్కినాడు. 1943 డిసెంబరు 15 తెల్లవారుజామున, రైలు కాన్సస్ సిటీని సమీపిస్తూ ఉండగా, ఊపిరితిత్తుల వాపుతో నిద్రలోనే ప్రాణం విడిచినాడు. హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో అంతిమ ప్రార్థన జరిగినది. జనం చర్చి పట్టక వీథులు నిండినారు. అతని చితాభస్మాన్ని హార్లెం పేటమీద ఆకాశంనుండి వెదజల్లినారు. చర్చి వాకిట మొదలైన జీవితం మరల చర్చి వాకిటనే ముగిసినది.

1978లో అతని పాటలను కూర్చి ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ పేరుతో బ్రాడ్వేలో ప్రదర్శించిన సంగీతరూపకం ఆ సంవత్సరపు ఉత్తమ సంగీతనాటకముగా టోనీ బహుమతి పొందినది. ఆ ప్రదర్శన చివరిభాగంలో నవ్వులన్నీ అణగిన పిమ్మట వినిపించిన పాట ‘బ్లాక్ అండ్ బ్లూ’. వాలర్ తన జీవితంలో సరిచేయలేకపోయిన త్రాసును ఆ కూర్పు కొంత సరిచేసినది.

కొంటెమాటను తేలికైన విషయముగా భావించుట పండితులకు పరిపాటి. అట్టివారు వాలర్ రికార్డు ఒకదానిని విని, గొంతును కొంతసేపు మరచి ఎడమచేతిని మాత్రమే గమనింపవలెను. పైన గొంతు ఎంత ఆకతాయితనం చేసినను, క్రింద ఆ చేయి మంద్రానికి, మధ్యానికి నడుమ తన అంగలు తప్పక వేస్తూనే ఉంటుంది. ఒక్క మాత్ర కూడ జారదు. తల్లి పోయిన ఇంటినుండి బయలుదేరిన పదహారేళ్ళ బాలుడు గురువు ఎదుట కూర్చుండి నేర్చుకొన్న నడక అది. నవ్వు దానిమీద నిలబడినది.